రేల పూల నీళ్లు

ఈ ఎండల్లో ఒక పొద్దున నేను చేసింది తప్పు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నెమ్మదిగా చెప్పుకుంటూ పోతే మధ్యలో నాకు అనుకూలంగా ఏదో ఒక సాకు దొరుకుతుంది. అది నా అలవాటు.

మా ఇంటి కింది గదిలో ఒరిస్సా నుంచి వచ్చిన ఒక కుటుంబం అద్దెకు ఉంటోంది. అతను బొల్లారంలో మందుల కంపెనీలో పని చేస్తాడు. షిఫ్టు వేళకు కంపెనీ బస్సెక్కి పోతాడు. ఇంట్లో అతని భార్య, బడికి పోయే వయసున్న కొడుకు ఉంటారు. ఆ పొద్దున పాల ప్యాకెట్ కోసం మెట్లు దిగుతుంటే, వాళ్ల గుమ్మం పక్కనున్న తులసి మొక్కకు సరిగ్గా పైన, మెట్ల కమ్మీ నుంచి ఒక చిన్న మట్టికుండ వేలాడుతూ కనిపించింది. కుండ అడుగున చిల్లి. ఆ చిల్లిలో ఒక గడ్డిపోచ. పోచ వెంబడి నీళ్లు చుక్కచుక్కగా మొక్క మీద పడుతున్నాయి.

మా వైపు చిల్లికుండతో నీళ్లు కార్చేది ఒక్క చోటే. చితి చుట్టూ తిరిగేటప్పుడు.

"ఏందిది? ఎవరు సచ్చిన్రని కట్టినవు నా ఇంట్ల? నికాలో!" అని అరిచాను. ఆమె హిందీలో ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. తాడు పట్టి గుంజాను. కుండ మెట్టు అంచుకు కొట్టుకుని పగిలింది. నీళ్లు నా చెప్పుల్లోకి వచ్చాయి.

ఆమె చెయ్యి ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది, అంతే. పిల్లవాడు నా వైపు చూడలేదు, పెంకుల వైపూ చూడలేదు. తల్లి మొహంలోకి చూస్తున్నాడు.

పైకి వచ్చి కూర్చున్నాను. మా ఆవిడ టీ తెచ్చింది. గ్లాసు పక్కన పెట్టేశాను. నోటికి అడ్డం పెట్టుకున్న ఆ చెయ్యి నాకు తెలుసు. ఆ పిల్లవాడు నిలబడ్డ చోట ఒకప్పుడు నేను నిలబడ్డాను. ఇన్నేళ్లూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా.

మేము రంగూన్ నుంచి వచ్చినవాళ్లం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి అక్కడి బియ్యం మిల్లుల్లో కూలికి పోయాడు. అమ్మ అక్కడే పుట్టింది, అక్కడే పెళ్లి చేసుకుంది, అక్కడే నన్ను కన్నది. నా చిన్నప్పుడు అక్కడి సర్కారువాళ్లు ఉన్నట్టుండి, మీరు ఇక్కడివాళ్లు కాదు, మీ దేశం మీరు పొండి అన్నారు. ఓడలో అందరూ మన దేశం పోతున్నాం, మన దేశం పోతున్నాం అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటుంటే అమ్మ మాట్లాడలేదు. ఆమె ఆ దేశాన్ని ఎన్నడూ చూడలేదు. ఓడెక్కే ముందే రేవులో ఒంటి మీది బంగారం వలిచి తీసుకున్నారు. కమ్మలు పోయిన చెవులకు అమ్మ చీపురు పుల్లలు విరిచి పెట్టుకుంది. మా పెట్టెలో వాళ్లకు అక్కర్లేనివి కొన్ని మిగిలాయి. నాన్న కాల్చే చుట్టల కట్ట, మొహానికి రాసుకునే గంధం చెక్క, దాన్ని అరగదీసే గుండ్రటి రాయి.

కాగితాలు తేలలేదని నాన్నను అక్కడే ఆపేశారు. "మీరెళ్లండి, ఎనకాలే వస్తాను," అన్నాడు నాన్న.

మా మేనమామ మాకంటే ముందే వచ్చి, పటాన్‌చెరు దగ్గర కొత్తగా కడుతున్న ఒక పెద్ద కార్ఖానాలో ఫిట్టరుగా కుదిరాడు. పెళ్లికాని కూలీలుండే రేకుల షెడ్డులో అతని మకాం. అందుకని మాకు ఊళ్లో ఒక గది చూసిపెట్టాడు.

"అక్కా, బావకి రాసిన అడ్రస్సు ఇదే," అన్నాడు మా పెట్టె దింపుతూ. "ఇది తప్ప ఆయన చేతిలో ఇంకేటీ నేదు. ఇక్కడ ఎవలితోటీ మాట రానీకు. ఈ గది పోయిందంటే బావ వచ్చినా మనం దొరకం."

ఆ మాట నా మనసులో ఎట్లా పడిందో ఏమో, గోడ నుంచి మట్టి పెచ్చు ఊడి పడినా నాన్న ఇంకొంచెం దూరం జరిగినట్టు బెదిరేవాణ్ణి.

ఇల్లు ఒక ముసలామెది. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. కొడుకు, కోడలు, కొంత చెలక భూమి, ఒక మేకల మంద ఆమె సంసారం. మాకిచ్చిన గది అంతకు ముందు మేకలది. పేడతో ఎన్నిసార్లు అలికినా గోడల్లోంచి మేకల వాసన, జొన్న సొప్ప వాసన వచ్చేవి. మా కోసం ఖాళీ చేసిన మేకలకు అవ్వ కొడుకు కొత్త కొట్టం కట్టాడు. కార్ఖానాకు పరదేశం నుంచి యంత్రాలు పెద్ద పెద్ద చెక్క పెట్టెల్లో వచ్చేవి. బొంబాయి రోడ్డు మీద లారీలు వాటిని మోసుకుపోతుంటే పిల్లలం వెంట పరిగెత్తేవాళ్లం. ఆ పెట్టెలు విప్పిన పలకలే ఊళ్లో సగం ఇళ్లకు తలుపులు, మేకలకు గోడలు అయ్యాయి. ఆ పలకలకు ఓడ వాసన ఉండేది. నాకు బెంగగా ఉన్నప్పుడు కొట్టంలోకి పోయి పలకకు ముక్కు ఆనించి నిలబడేవాణ్ణి. వాటి మీద నల్లగా అచ్చు వేసిన పరదేశపు అక్షరాలు ఉండేవి. అవి రంగూన్ అక్షరాలని బుకాయించి, "ఇక్కడ ఏనుగు అని రాసుంది, ఇక్కడ మొసలి అని రాసుంది" అని చదివి చెప్పి ఊరి పిల్లల దగ్గర రేగుపళ్లు తినేవాణ్ణి.

అమ్మ మొదటిరోజు రంగూన్ ఆడవాళ్లు కట్టే లుంగీతోనే బావికి బయలుదేరింది. అవ్వ అరుగు మీద కూర్చుని ఎగాదిగా చూసింది.

"ఓ పిల్లా, నీ పెనిమిటి లుంగి నువ్వు కట్టుకొస్తివి. ఆయనేం కట్టుకున్నడు ఆడ?"

"అక్కడ ఆడోళ్లు కూడా ఇదే కడతారమ్మా."

"ఆడోళ్లు లుంగీలు గడితే మరి మొగోళ్లు చీరెలు గడ్తరా?"

అమ్మ నవ్వింది. ఓడ దిగిన తర్వాత అమ్మ నవ్వడం అదే మొదలు. తెల్లని పలువరుస అమ్మది. నవ్వితే మొహమంతా అదే కనిపించేది. అవ్వ కూడా నవ్వి, లోపలికి పోయి తన పాత చీర ఒకటి తెచ్చి అమ్మ భుజం మీద వేసింది. అమ్మ బదులుగా నాన్న కోసం దాచిన కట్టలోంచి ఒక చుట్ట తీసి ఇచ్చింది. అది మొక్కజొన్న పొట్టులో చుట్టిన లావుపాటి రంగూన్ చుట్ట.

"ఇది సుట్టనా, మక్కకంకా?" అంది అవ్వ. ఒక దమ్ము పీల్చి, కళ్లు మూసి, చాలాసేపు దగ్గి, "మస్తుగున్నది. ఇంకోటున్నదా?" అంది.

మాకు తిండి కష్టమైంది. రంగూన్‌లో మూడు పూటలా అన్నమే. ఇక్కడ పొద్దున జొన్నరవ్వ కాచిన గట్క, రాత్రికి జొన్నరొట్టె. "అన్నమెప్పుడమ్మా?" అని నేనడిగితే అమ్మ పొయ్యి వైపు తిరిగిపోయేది. రొట్టె చేయడం ఆమెకు రాదు. అవ్వ చేతుల్లో పిండి పటపటమని చప్పుడు చేస్తూ నిండు చందమామలా పరుచుకునేది. అమ్మ చేతుల్లో అదే పిండి అంచులు విరిగిపోయేది. "జెర నీళ్లద్దు బిడ్డా, కొట్టినట్టు గాదు, జోకొట్టినట్టు జెయ్యి," అని అవ్వ పక్కన కూర్చుని చెప్పేది. కోడలికి ఇదంతా నచ్చలేదు. "నా రొట్టె ఎట్లయ్యిందని ఒక్కనాడన్న అడిగినవా అత్తా?" అనడం నేను విన్నాను.

కోడలికి అన్నిటికంటే కంటగింపు అమ్మ రాసుకునే గంధం. పొద్దున్నే రాయి కడిగి, చెక్కను నీళ్లతో అరగదీసి, తెల్లని ఆ గంధాన్ని రెండు బుగ్గలకూ గుండ్రంగా పూసుకునేది. నాకూ పూసేది. అక్కడ ఎండకు అందరూ అట్లాగే పూసుకుంటారు. ఇక్కడ పసుపు తెలుసు, తెలుపు తెలియదు. బావి దగ్గర ఆడవాళ్లు మాటలు ఆపి చూసేవాళ్లు. "అమాసనాడు సుత పూస్తది," అని కోడలు వాళ్లకు చెప్పేది.

ఆ బావికే, అందరూ వెళ్లిపోయాక ఒక్కతే వచ్చే మనిషి ఒకామె ఉండేది. పెద్ద వయసు కాదు. కానీ నోరు ముసలివాళ్ల నోరులా లోపలికి పోయి ఉండేది. ఒకసారి అమ్మ ఆమెకు చేద తోడి పోసింది. ఆమె అమ్మను ఆశ్చర్యంగా చూసి, ఏమీ అనకుండా కడవ ఎత్తుకుని పోయింది.

"పాపం, ఆ వయసుకే ఆమెకి పళ్లన్నీ ఎలా పోయాయమ్మా?" అని అమ్మ అవ్వను అడిగింది. అప్పుడు అవ్వ గంప ముందు పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది.

"పోలే. పీకిన్రు."

అమ్మకు అర్థం కాలేదు.

"బాణామతి చేసిందన్నరు. ఎవరి పిలగానికో పానం బాగలేకుంటె గీమె చేసిందన్నరు. పండ్లు లేకుంటె మంత్రం పలకదంట." అవ్వ గింజలు తీయడం ఆపింది. "పట్టపగలే. గా మర్రిచెట్టు కింద, మా ఇంటి ముందటనే. ఒర్లుడు ఇంట్లకు ఇనొచ్చింది. నేను తలుపేసుకొని ఇంట్లనే కూసున్న బిడ్డా."

ఆ రోజు అమ్మ గట్క ముట్టలేదు. రొట్టె కూడా తినలేదు.

చలికాలం పోయాక అవ్వ వాళ్లు ఎల్లమ్మకు పండుగ చేసుకున్నారు. మేకపోతును కడిగి బొట్టు పెట్టి తెచ్చారు. బలిచ్చే మేకను ఇక్కడ యాట అంటారు. అమ్మ దానికి రోజూ గంజి పోసేది కనుక చూడలేనని గదిలోనే ఉండిపోయింది. నేను మాత్రం అరుగెక్కి చూశాను. దాని నెత్తి మీద, వీపు మీద పసుపు నీళ్లు పోసి అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. మేక కదల్లేదు. మళ్లీ పోశారు. అది ఒక్కసారిగా తల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించింది. "ఇచ్చింది! ఇచ్చింది!" అని అరిచారు. అట్లా ఒళ్లు విదిలిస్తే అమ్మవారు దాన్ని ఒప్పుకున్నట్టేనని, ఇక కోయొచ్చని పక్కనున్న పిల్లవాడు చెప్పాడు. ఆ తర్వాత నేను కళ్లు మూసుకున్నాను. వాసన మాత్రం వచ్చింది.

ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. చెప్పవలసినదని తోచలేదు.

ఎండలు ముదిరాయి. రంగూన్‌లో ఆ రోజుల్లోనే నీళ్ల పండుగ వస్తుంది. ఊరంతా ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటారు. పోయిన ఏడాది పాపమంతా కడుక్కుపోతుందని నమ్మకం. ఆఖరున పిల్లలు పెద్దవాళ్లను కూర్చోబెట్టి తల మీద చల్లని నీళ్లు పోసి, శీకాయతో తలంటి, దండం పెడతారు. పెద్దవాళ్లు దీవిస్తారు. మా ఇంట్లో అమ్మ తన తల్లికి, నాయనమ్మకు అట్లా తలంటడం నేను చూశాను. ఆ పండుగకు అక్కడ ఒక చెట్టు పచ్చని పూలు పూస్తుంది. ఇక్కడ అమ్మ చెరువు అవతలి తుప్పల్లో రేల చెట్టును చూసింది. బంగారు రంగు గుత్తులు వేలాడుతున్నాయి. దాని కింద నిలబడి, "చూడ్రా, ఇక్కడా పూసింది," అంది. అమ్మ గొంతు అట్లా విని ఎన్నాళ్లో అయింది.

మర్నాడు పొద్దున ఇత్తడి బిందెలో నీళ్లు తెచ్చి, రేల రేకులు వేసి, గంధం కలిపింది. అవ్వ అరుగు మీద కూర్చుని జుట్టు విప్పి చిక్కు తీసుకుంటోంది. అమ్మ వెనక నుంచి పోయి, "అమ్మా, ఇవాళ నీకు తలంటుతాను," అంది. "ఎందుకు బిడ్డా?" అని అవ్వ అనేలోపే చెంబుతో నీళ్లు ముంచి ఆమె నడినెత్తిన పోసింది.

తెల్లవారుజామున తోడిన బావి నీళ్లవి. అవ్వ ఉలిక్కిపడింది. తల, భుజాలు, నడుము, ఒళ్లంతా ఒక్కసారిగా విదిలించింది. పచ్చని రేకులు నాలుగు వైపులా ఎగిరాయి.

అప్పుడే పేడగంపతో బయటికి వచ్చిన కోడలి చేతిలోంచి గంప జారింది.

"ఓయమ్మో! అత్త మీద యాటకు పోసినట్టు పోసిందీ! ఒళ్లు సుత ఇదిలిచ్చిందీ!"

దారిన పోయేవాళ్లు ఆగారు. అవ్వ మొహంలో రక్తం లేదు. ఎంత ప్రేమ ఉన్నా ఆమె ఆ ఊరి మనిషే. అమ్మ వైపు చూడకుండా గోడ పట్టుకుని లోపలికి పోయింది.

"ఏటయ్యిందిరా? సల్లగా ఉంటుందనే కదా పోశాను?" అని అమ్మ నన్ను అడిగింది. నేను మేకపోతు సంగతి చెప్పాను. అమ్మ చేతిలోని చెంబును చప్పుడు కాకుండా కింద పెట్టింది.

సాయంత్రానికి అవ్వకు జ్వరం తగిలింది. పళ్లు కొట్టుకునేంత చలి. మామయ్య ఆదివారం గాని రాడు. మర్నాడు పొద్దెక్కాక కోడలి అన్న గుమ్మడిదల వైపు నుంచి వచ్చాడు. అతనూ మామయ్య పని చేసే కార్ఖానాలోనే కూలీ. ఖాకీ ప్యాంటు వేసుకున్నాడు. వాకిట్లో జనం పోగయ్యారు. మేము గదిలో గొళ్లెం పెట్టుకుని ఉన్నాం. మేకల కోసం ఒకప్పుడు గోడకు పెట్టిన కంతలోంచి నేను చూస్తున్నాను.

"పెద్ద పనేం గాదు బావా," అంటున్నాడు అతను అవ్వ కొడుకుతో. "ముందటి పండ్లు చాలు."

ప్యాంటు జేబులోంచి కటింగ్ ప్లయర్ తీశాడు. నల్ల రబ్బరు పిడులది. అచ్చం అట్లాంటిదే మామయ్య దగ్గరా ఉండేది. ఆదివారాలు మామయ్య దాన్ని నాకిస్తే చింతగింజలు చిట్లగొట్టుకునేవాణ్ణి. టప్పుమని ఎట్లా చిట్లేవో నాకు తెలుసు. అంత భయంలోనూ నాకు ఆ చప్పుడే వినిపించింది. ఇప్పటికీ ఆ పనిముట్టు మా ఇంట్లో ఉంచను.

"జెర ఆగుండ్రి," అన్నాడు అవ్వ కొడుకు. చెడ్డవాడు కాదు. చేతులు నలుపుకుంటున్నాడు. "పరాయి ఆడది. చిన్న పిలగాడున్నడు."

"నీ అవ్వ కంటె ఎక్కువనా?" అంది కోడలు.

తలుపు మీద దెబ్బ పడింది. అమ్మ కొంగుతో బుగ్గల మీది గంధం గట్టిగా తుడిచేసుకుంది. ఎర్రబడేదాకా తుడిచింది. తర్వాత ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. దేవుణ్ణి తలవలేదు, ఎవరినీ పిలవలేదు. పళ్లు దాచుకుంది. నేను తల ఎత్తి ఆ మొహం చూశాను. మా అమ్మ అట్లా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు. తలుపు తనే తీసింది.

ఎండ కళ్లలో కొట్టింది. ఖాకీ ప్యాంటు అతను ఒక అడుగు ముందుకు వేశాడు. అప్పుడు వెనక నుంచి దగ్గు వినిపించింది.

అవ్వ. అంత ఎండలో గొంగడి కప్పుకుని, గోడ పట్టుకుని వస్తోంది. కొడుకు పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. వచ్చి అరుగు మీద, ముందు రోజు కూర్చున్న చోటే కూలబడింది. గొంగడి తీసేసింది. జుట్టు ముడి విప్పింది.

"బిడ్డా, నిన్న ఏమంటివి? తలంటుతనంటివి. నీళ్లు పోసి పోతివి. అంటుడేది?"

అమ్మ కదల్లేదు.

"అవ్వా, నీకు తెల్వది, నువ్వు లోపటికి నడు..." అన్నాడు ఖాకీ ప్యాంటు అతను.

"నాకు తెల్వదారా? నీ అసుంటోళ్లు ఒకపారి గిట్లనే వచ్చిన్రు. గప్పుడు తలుపేసుకున్న. నాకంతా తెల్సు." అమ్మ వైపు తిరిగింది. "ఏందే, జరమొచ్చిన మనిషిని ఎండల కూసోవెడ్తవా? జల్దీ రా."

అమ్మ నోటి మీది చెయ్యి తీసింది. ఆ చేత్తోనే అరుగు పక్కన అట్లాగే ఉన్న బిందె ఎత్తింది. నిన్నటి నీళ్లు, వాడిన రేకులు, పొద్దుటి నుంచి ఎండకు గోరువెచ్చగా అయ్యాయి. పోసింది. శీకాయ నురగ తేలేదాకా రుద్దింది.  

"కండ్లల్ల పడ్డదే! మెల్లగ! నా తలకాయనా, నీ జొన్నరొట్టెనా?" అని అవ్వ అరిచింది. ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు.

అమ్మ కడిగి, తుడిచి, చిక్కు తీసి, నూనె రాసి, ఆ పల్చటి తెల్లజుట్టును సన్నగా జడ అల్లింది. అదంతా అయ్యేదాకా ఎవరూ కదల్లేదు. ఆఖరున అవ్వ కాళ్లకు దండం పెట్టింది. అవ్వ ఆమె తల మీద చెయ్యి వేసి, ఖాకీ ప్యాంటు అతన్ని చూసింది.

"ఏమిరా, మీ ఊర్ల యాటకు తలంటి, సిక్కుదీసి, నూనె వెట్టి, జడేసినంక గోస్తరా?"

ముందు అవ్వ కొడుకు నవ్వాడు. తర్వాత దారిలో నిలబడ్డ ఒకామె. తర్వాత అందరూ.

"అది కార్ఖాన సామాను గదా? ఆడనే వెట్టిరా పో. ఆడ బోల్టులు పీకు," అంది అవ్వ. అతను దాన్ని జేబులో పెట్టుకుని చెల్లెలి వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ ముసలామె ఎంత పెద్ద పందెం కాసిందో నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. ఒంటి నిండా జ్వరంతో, అందరూ చూస్తుండగా మళ్లీ అదే నీళ్లు పోయించుకుంది. ఆమెకు ఏమన్నా అయితే అమ్మను ఎవరూ కాపాడలేకపోయేవారు. గది పోవడంతో ఆగేది కాదు సంగతి. అవ్వ బతికింది. జ్వరం మెల్లగా దిగింది. ఆ ఆదివారం మామయ్య వస్తే అమ్మ ఏమీ చెప్పలేదు. వానలు పడ్డాక నాన్న ఆ అడ్రస్సు కాగితం పట్టుకుని, సగం మనిషై వచ్చాడు. ఆయనకూ చెప్పలేదు.

మరుసటి ఏడు అవే రోజులు వచ్చాయి. రేల చెట్టు పూసింది. అమ్మ దాని వైపు చూడలేదు, బిందె తీయలేదు. పొద్దెక్కుతుంటే అరుగు మీద నుంచి అవ్వ కేక వేసింది. "ఏందే రంగూన్ పిల్లా, ఎండెక్కుతున్నది, ఎంతసేపు కూసోవాలె?" బయటికి పోయి చూస్తే అవ్వ జుట్టు విప్పుకుని కూర్చుని ఉంది. పక్కనే, తనూ జుట్టు విప్పుకుని, బావి దగ్గరి ఆ పళ్లు లేని ఆమె. తల వంచుకుని ఉంది. ఎవరు పిలిచారో నాకు తెలియదు.

అమ్మ ఇద్దరికీ తలంటింది.

ఆ తర్వాత అమ్మ చాలా ఏళ్లు బతికింది. రొట్టెలు చక్కగా చేయడం వచ్చింది. మాట కూడా ఈ వైపు మాటే అయింది. అయితే నవ్వినప్పుడల్లా చెయ్యి నోటికి అడ్డం వచ్చేది. చూసినవాళ్లు సిగ్గనుకునేవారు. నా పెళ్లి ఫొటోలో కూడా ఆమె అట్లాగే ఉంది. ఎంత మర్యాదస్థురాలో అని మా ఆవిడ తరఫువాళ్లు మెచ్చుకున్నారు.

ఇంత చూసిన నేను ఆ పొద్దున ఆ కుండను పగలగొట్టాను. అమ్మ కడుపున పుట్టి, అవ్వ అరుగు మీద పెరిగి, చివరికి ఖాకీ ప్యాంటు అతనిలా తయారయ్యాను. దీన్ని వేరే మాటల్లో చెప్పుకోవడం నాకు చేతకాదు.

మా ఆవిడకు అప్పుడు మొత్తం చెప్పాను. ఆమె "ఇన్నేండ్లు దాసినవా?" అంది. తర్వాత, "ముందు పోయి కుండ తే," అంది.

పటాన్‌చెరులో రోడ్డు పక్కన ఎండాకాలం కుండలు అమ్మేచోటికి పోయి ఒక చిన్న కుండ, కొత్త తాడు కొన్నాను. కింది గది తలుపు తట్టాను. ఆమె తలుపు సగమే తీసింది. చెయ్యి నోటి దగ్గరికి పోయింది. "గల్తీ నాది బేటీ, మాఫ్ చెయ్," అన్నాను. నా హిందీ అంతే. కుండ ముందు పెట్టి, చిల్లి ఎట్లా పెట్టాలో చూపించమన్నాను. ఆమె మేకు తెచ్చి, తడిగుడ్డ పరిచి, కుండను బోర్లించి మెల్లగా తిప్పుతూ చిల్లి పెట్టింది. పిల్లవాడు గడ్డిపోచ తెచ్చాడు. ఈ ఎండల నెలలో తులసికి దాహం కాకుండా, వానలు పడాలని వాళ్ల ఊళ్లో అట్లా కడతారట. నెలంతా కుండ ఎండకూడదట. స్టూలు ఎక్కి తాడు నేనే కట్టాను.

ఎదురింటాయన గేటు దగ్గర ఆగి చూశాడు. "ఏంది సార్, శవం కుండ ఇంటి ముందట కట్టిన్రు?"

"కట్టిన. మీ ఇంటికి సుత కట్టాల్నా?" అన్నాను.

నెల పూర్తి కాలేదింకా. పొద్దున్నే పాల ప్యాకెట్ కంటే ముందు చెంబుతో దిగి ఆ కుండలో నీళ్లు పోస్తున్నాను. పిల్లవాడు పక్కన నిలబడి చుక్కలు పడుతున్నాయో లేదో చూసి తలూపుతాడు. ఆమె నాతో మాట్లాడవలసి వస్తే ఇప్పటికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతుంది. అది తియ్యమని అనే హక్కు నాకు లేదు. మా అమ్మ చెయ్యి ఎన్నటికీ దిగలేదు. నేను నీళ్లు పోసి, పోచ సరి చేసి, పైకి వస్తున్నాను.